దూరపు కొండలు, దగ్గరి మాటలు

‘దూరపు కొండలు నునుపు’ అని మనకు ఒక సామెత ఉన్నది. ఈ సామెతను మొదట పలికినవాడు ఎక్కడ నిలిచి ఆ కొండలను చూచాడన్న ప్రశ్న మనం సాధారణంగా వేసుకోము. అతడు మైదానంలో, బహుశః తన పొలం గట్టుమీద నిలిచి చూచి ఉంటాడు. కొండమీద కాపురమున్నవానికి కొండ దూరమూ కాదు, నునుపూ కాదు. దూరమన్నది చూచేవాని చోటునుబట్టి వస్తుంది. ఈ చిన్న విషయాన్ని మనసులో ఉంచుకొని, ఊళ్లకూ రహదారులకూ ఎడంగా ఉన్న భూములకు మన భాషలో ఏ ఏ పేర్లు ఏర్పడినవో, ఎవరు పెట్టారో, ఆ పేర్లవలన అక్కడి మనుష్యులకు కలిగిన లాభనష్టాలు ఏమిటో ఈ ప్రసంగంలో విచారించుదాము.

ముందుగా ప్రాచీనమైన మాటలు. ‘అరణ్యం’ అనగానే మన కన్నులముందు దట్టమైన చెట్లు మెదలుతవి. కాని ఆ శబ్దానికి మూలమైన ‘అరణ’ శబ్దానికి చెట్లతో సంబంధం లేదు. దూరమైనది, పరాయిది అని దాని అర్థం. అనగా తన ఊరు కానిదంతా వైదికకాలపు మానవునికి అరణ్యమే. దీనికి ఎదురుమాట ‘గ్రామం’. చిత్రమేమంటే ఆ గ్రామ శబ్దానికి కూడ తొలినాటి అర్థం స్థిరమైన ఊరు కాదనీ, పశువులను తోలుకొని కదలిపోయే జనసమూహమనీ వేదవాఙ్మయాన్ని పరిశోధించిన పండితులు కొందరు చెప్పుతున్నారు. అట్టి రెండు గ్రామాలు ఎదురుపడితే జరిగేది ‘సంగ్రామం’. నేడు మనం లంబాడీల నివాసాలను తండాలంటున్నాము. ఆ తండా కూడ ఒకప్పుడు ఎద్దులమీద ఉప్పు, ధాన్యం వేసుకొని దేశదేశాలు తిరిగిన బిడారు పేరే. తిరిగే గుంపు నిలిచి ఊరైనది, దాని పేరు ఊరిపేరైనది. గ్రామానికీ తండాకూ మధ్య మనం ఎంచే అంతరం శబ్దచరిత్రలో కనిపించదు.

‘జంగల్’ అనే మాట కథ మరింత వింతైనది. ఆయుర్వేదం భూమిని మూడు విధాలుగా విభజించింది: జాంగలం, ఆనూపం, సాధారణం. ఆనూపమంటే నీరు నిలిచి, చెట్లు దట్టంగా పెరిగిన ప్రదేశం. జాంగలమంటే పొడినేల, విరళమైన చెట్లు, విశాలమైన ఆకాశం గల ప్రదేశం. ఈ జాంగల శబ్దమే ఉత్తరదేశ భాషలలో జంగల్ అయినది, ఆంగ్లేయుల నోటిలో జంగిల్ అయినది, క్రమంగా కాలు పెట్టరాని చీకటి అడవి అనే అర్థాన్ని సంపాదించింది. వైద్యుడు ఏ నేలకు పెట్టిన పేరు, చివరకు ఏ నేలకు అంటుకొన్నదో చూడండి! మాట పుట్టినచోట ఉన్నవారు ఒకరు, దానిని మోసుకొనిపోయినవారు మరొకరు అయినప్పుడు ఇట్లా జరుగుతుంది. ఫిలిప్పీను దీవుల టాగలోగు భాషలో ‘బుందోక్’ అంటే పర్వతం, అంతే. ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో అక్కడ యుద్ధం చేసిన అమెరికా సైనికులు ఆ మాటను తమ దేశానికి తీసికొనిపోయి, దిక్కుమాలిన పల్లెప్రాంతం అనే అర్థంలో వాడుకలో పెట్టారు. ఒకరి పర్వతం మరొకరికి పరిహాసమైనది.

ఇక మన దేశచరిత్రలోనికి వత్తాము. కర్నూలు జిల్లాలోని ఎఱ్ఱగుడి కొండరాళ్లమీద క్రీస్తు పూర్వం మూడవ శతాబ్దిలో అశోక చక్రవర్తి చెక్కించిన పదునాలుగు శిలాశాసనాలు ఉన్నవి. వానిలో పదమూడవది ప్రసిద్ధమైనది. కళింగ యుద్ధంలో జరిగిన ప్రాణనష్టానికి చక్రవర్తి పశ్చాత్తాపపడినది అందులోనే. అదే శాసనంలో ఆంధ్రుల పేరున్నది, పుళిందుల పేరున్నది, దూరదేశాల యవన రాజుల పేర్లు కూడ ఉన్నవి. వీరితోపాటు తన రాజ్యంలోని ‘అటవి’ని గూర్చి ఒక మాట ఉన్నది. అటవివారిని తాము అనునయిస్తున్నామని, పశ్చాత్తాపమున్నా తమకు బలము కూడ ఉన్నదని వారు ఎరిగి, శిక్షకు పాలుగాకుండ నడచుకోవలెనని దాని భావం. శాంతిని ఉపదేశించే శాసనంలో హెచ్చరిక వినిపించేది ఈ ఒక్క చోటనే. మరొక విశేషం గమనించదగినది. ఆంధ్రులకు పేరున్నది, యవనులకు పేరున్నది. అటవివారికి మాత్రం వారు నివసించే చోటే పేరైనది. వారు ఏ జాతివారో, తమను తాము ఏమని చెప్పుకొన్నారో ఆ రాతిమీద లేదు.

కౌటిల్యుని అర్థశాస్త్రంలో ‘అటవీబలం’ రాజు సమకూర్చుకొనదగిన సేనలలో ఒకటి. అంటే అడవివారు ఒకవంక భయకారణం, మరొకవంక పనికివచ్చే బలగం. నాలుగవ శతాబ్దిలో సముద్రగుప్తుని దక్షిణ దిగ్విజయాన్ని వర్ణించిన అలహాబాదు స్తంభశాసనం వేంగిని ఏలిన హస్తివర్మను, కంచిని ఏలిన విష్ణుగోపుని పేర్కొన్నది. ‘మహాకాంతారా’నికి రాజైన వ్యాఘ్రరాజును కూడ పేర్కొన్నది. ఆ తరువాత ఆటవిక రాజులందరినీ పరిచారకులను చేసికొన్నాడని ఒక్క సమాసంలో ముగించింది. అటవి, కాంతారం, అరణ్యం అన్న ఈ మాటలన్నీ రాజధానిలో కూర్చున్న కవి పెట్టినవే. ఆటవికుడంటే మొదట అడవిలో నివసించేవాడని మాత్రమే అర్థం. నేడు ‘ఆటవిక న్యాయం’ అన్నప్పుడు ఆ అర్థం లేదు. నగరంలో ఉండేది నాగరికత, అది లేనిది అనాగరికం. గ్రామానికి సంబంధించినది గ్రామ్యం, అది కూడ నిందయే. చోటును తెలిపే మాట గుణాన్ని తెలిపే మాటగా మారడం భాషలలో సహజమే కావచ్చును. ఆ మార్పు ఎప్పుడూ ఒకే దిక్కుకు జరగడం మాత్రం ఆలోచింపదగిన విషయం.

ఇప్పుడు అచ్చమైన మన మాట, ‘మన్యం’. దీనికి ‘మన్నెం’ అని రూపాంతరం. కొండలతో అడవులతో నిండిన దేశమని నిఘంటువులు అర్థం చెప్పినవి. మన్నీడు, మన్నెదొర అనే మాటలు ఆ దేశపు అధిపతిని తెలుపుతవి. ఆదిలాబాదు ప్రాంతపు కోలాములను పొరుగు తెలుగువారు ‘మన్నెవార్లు’ అనేవారు. దేవునికో, పండితునికో పన్ను లేకుండ ఇచ్చిన భూమి ‘మాన్యం’. అది వేరు మాట. దీర్ఘం ఒక్కటే తేడా గనుక వ్రాతలో పలువురు ఈ రెండింటిని కలిపివేస్తున్నారు. ఒకటి దానంగా వచ్చిన నేల. రెండవది ఎవరూ దానం చేయకుండానే అనాదిగా ఒకరు బ్రతుకుతూ వచ్చిన నేల.

విశాఖపట్టణం, గోదావరి మండలాలలోని తూర్పుకనుమల ప్రదేశమే ప్రధానంగా మన మన్యం. మైదానపువారికి మన్యమంటే రెండు విషయాలు జ్ఞాపకం వచ్చేవి. ఒకటి సంత. చింతపండు, కుంకుళ్లు, పసుపు, పిప్పళ్లు, అడ్డాకులు కావళ్లతో కొండ దిగివచ్చేవి. ఉప్పు, బట్ట, సావుకారు అప్పు కొండ ఎక్కిపోయేవి. రెండవది చలిజ్వరం. దానికి మన్యపు జ్వరమనే పేరు. మన్యానికి బదిలీ అంటే ఉద్యోగులు శిక్షగా భావించిన కాలం చాలా ఉన్నది. నిజానికి ఆ ప్రదేశాన్ని చిరకాలం దూరంగా ఉంచినది మైళ్ల లెక్క కాదు. ఘాటు దారి, దోమకాటు. ఈ రెండింటి భయమే దూరమనే పేరు తెచ్చుకొన్నది.

కొండలలోని వారికి తమ నేల అంతా ఒకే అడవి కాదు. అక్కడి ఊళ్ల పేర్లే దానికి సాక్ష్యం. గూడెం ఉన్నది, వలస ఉన్నది. ముంచంగిపుట్టులో వినిపించే ‘పుట్టు’ ఉన్నది. పెదబయలు అనే ఊరు ఉన్నది. బయలంటే చెట్లు లేని విశాలమైన మైదానం కదా! మనం అడవి అన్నచోట వారు బయలును చూచి పేరు పెట్టుకొన్నారు. నల్లమలలో చెంచుల నివాసాన్ని ‘పెంట’ అంటారు. మనకు ఆ మాట వినగానే ఎరువుదిబ్బ గుర్తుకు రావచ్చును. వారికి అది ఇల్లు, ఊరు. కోయలు తమను తాము చెప్పుకొనే కోయతోర్ అనే మాటకు మనుష్యులు అనే అర్థం. వారి భాషలో వారు మనుష్యులు. మన భాషలో కొండవారు.

ఆంగ్లేయ ప్రభుత్వం వచ్చిన తరువాత మన్యానికి మరొక పేరు వచ్చింది. గంజాం, విశాఖపట్టణం మండలాల జమీందారీలలో అలజడులు చెలరేగగా, 1832లో జార్జి రస్సెల్ అనే అధికారిని ప్రత్యేక కమీషనరుగా పంపారు. సాధారణ న్యాయస్థానాలు, సాధారణ చట్టాలు ఈ కొండలలో సాగవని అతడు అభిప్రాయపడినాడు. దాని ఫలితంగా 1839లో ఒక చట్టం వచ్చింది. కొండభూములను సాధారణ పరిపాలననుండి తప్పించి, కలెక్టరును గవర్నరుకు ‘ఏజెంటు’గా నియమించి, సర్వాధికారాలు అతనికి అప్పగించింది. ఏజెంటు పాలించే ప్రదేశం గనుక అది ‘ఏజెన్సీ’ అయినది. తరువాత గోదావరి కొండలకు కూడ ఆ పేరే ప్రాకింది. ఆ గవర్నరూ పోయినాడు, ఆ సామ్రాజ్యమూ 1947లో పోయినది. ఏజెన్సీ అనే మాట మాత్రం మిగిలినది. కొండలోని అవ్వ కూడ ‘మాది ఏజెన్సీ’ అని చెప్పుకొంటుంది. ఒక ఉద్యోగపు పేరు ఒక దేశానికి పేరు కావడం అరుదైన విషయం.

ఆ తరువాత ప్రభుత్వ గ్రంథాలలో పేర్లు వరుసగా మారినవి. 1874 చట్టంలో అవి షెడ్యూల్డు జిల్లాలు. 1919 చట్టంలో వెనుకబడిన ప్రాంతాలు. 1935 చట్టం క్రింద తూర్పు గోదావరి, విశాఖపట్టణం ఏజెన్సీలు పాక్షికంగా మినహాయించిన ప్రాంతాలు. 1950లో అమలుకు వచ్చిన మన రాజ్యాంగపు అయిదవ షెడ్యూలులో అవి షెడ్యూల్డు ప్రాంతాలు. షెడ్యూలంటే పట్టిక. ఈ పేర్లలో ఒక్కదానిలోనైనా కొండ లేదు, నది లేదు, అక్కడ నివసించే జనం లేరు. ఒకదానిలో ఏజెంటు, ఒకదానిలో పట్టిక, ఒకదానిలో మినహాయింపు.

ఈ కాలంలోనే మరొక మాట మన్యానికి అంటుకొన్నది. అది ‘పితూరీ’. అరబ్బీలో పుట్టి పారసీకం ద్వారా మనకు వచ్చిన ఈ మాటకు ప్రభుత్వ పరిభాషలో తిరుగుబాటని అర్థం. 1879 మార్చిలో రంపదేశంలో పితూరీ లేచింది. కొండవారు తమ ఇంటి అవసరానికి గీసుకొనే కల్లుమీద పన్ను వేయడం, మన్సబుదారు దోపిడి, మైదానపు వర్తకులు కోర్టు డిక్రీలతో పశువులను పట్టుకొనిపోవడం దానికి కారణాలు. కారం తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్య వంటివారు నాయకులు. దానిని అణచడానికి వచ్చిన సిపాయిలను కొండవారి బాణాలకన్న మన్యపు జ్వరమే ఎక్కువ బాధించింది. తరువాత 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. పోడు వ్యవసాయానికి ఆటంకాలు పెరిగినవి. కొండలలో రోడ్లు వేయడానికి చాలీచాలని కూలికి, ఒక్కొక్కచోట కూలి లేకుండానే, కొండవారిచేత బలవంతంగా పని చేయించారు. దూరాన్ని తగ్గించవలసిన రోడ్డే అక్కడివారికి పీడ అయినది. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు అనుచరులతో చింతపల్లి పోలీసు ఠాణాపై దాడి చేశాడు. మరునాడు కృష్ణదేవిపేట, ఆపై రాజవొమ్మంగి. 1924 మే 7న ఆయనను చంపేవరకు మన్యం ప్రభుత్వానికి నిద్ర లేకుండ చేసింది.

ఇంతకూ పితూరీ అనే ఈ మాట మన ఇండ్లలో కూడ ఉన్నది. పిల్లలు ఒకరిమీద ఒకరు ‘పితూరీలు చెప్పుతారు’. అక్కడ దానికి ఫిర్యాదు అని అర్థం. ఒకే మాటకు ఇంట్లో ఫిర్యాదు, కచేరీలో తిరుగుబాటు. చరిత్రను చూస్తే ఈ రెండు అర్థాలూ అంత దూరమైనవి కావని తోస్తుంది. వినేవారు లేని ఫిర్యాదే కొండలలో తిరుగుబాటు అయినది.

కొండవారి మాటను చెవియొగ్గి విన్న తెలుగువాడు ఒకరిని ఇక్కడ స్మరించుకోవాలి. ఆయన గిడుగు రామమూర్తి పంతులుగారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉంటూ, సంతకు దిగివచ్చే సవరలను చూచి, వారి భాష నేర్చుకోవాలని పూనుకొన్నారు. సవర కొండలలో తిరిగారు. జ్వరానికి మందుగా వాడిన క్వయినా వలన వినికిడి పోగొట్టుకొన్నారు. వినడం కోసం వెళ్లినవాడు చెవులను అక్కడ విడిచిపెట్టి వచ్చాడు. సవరభాషకు ఆయన వ్రాసిన వ్యాకరణ గ్రంథం 1931లో మద్రాసులో అచ్చయినది. నిఘంటువులు కూడ ఆ దశాబ్దంలోనే వెలువడినవి. ఆయనే తెలుగులో వ్యావహారిక భాషోద్యమానికి నాయకుడు. ప్రజలు మాట్లాడే తెలుగును గ్రామ్యమని పండితులు తీసివేసినప్పుడు, గ్రామంలో పలికినంతమాత్రాన మాట హీనం కాదని ఆయన వాదించారు. సవరలకు జరిగిన అన్యాయమూ, గ్రామ్యమనిపించుకొన్న తెలుగుకు జరిగిన అన్యాయమూ ఒక్కటేనని ఆయన జీవితం చెప్పుతున్నది. నేడు ఈ ప్రసంగాన్ని మనం ఈ భాషలో వినగలుగుతున్నామంటే ఆయన చలవ కొంత ఉన్నది.

బయటివారు పెట్టిన పేర్లన్నీ కీడు చేసినవేనా? అట్లా అనడం న్యాయం కాదు. ఏజెన్సీ అనే మాట మొదట కంచెగా పుట్టినా, కాలక్రమాన కొంత నీడ కూడ ఇచ్చింది. 1917లోనే ఏజెన్సీ భూములు కొండవారి చేతినుండి జారిపోకుండ ఒక చట్టం చేశారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1959లో భూబదలాయింపు నిబంధనను చేసింది. 1970లో దానిని సవరించి మరింత కట్టుదిట్టం చేశారు. ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అని గిరిజన గ్రామాలలో ప్రతివారికీ తెలిసినది ఆ సవరణయే. 1997లో సుప్రీంకోర్టు సమత కేసు తీర్పులో ఈ రక్షణను బలపరచింది. షెడ్యూల్డు ప్రాంతంలోని ప్రభుత్వ భూమిని గనులకోసం గిరిజనేతరులకు కౌలుకు ఇవ్వడం కూడ చెల్లదని చెప్పింది. కనుక ఒక ఊరు ఆ పట్టికలో ఉన్నదా లేదా అన్నది కేవలం మాటల విషయం కాదు. పట్టికలో ఉన్న ఊరిలో భూమికి రక్షణ ఉన్నది. ప్రక్క కొండమీద అదే జాతి జనం ఉన్నా, పట్టికకెక్కని ఊరికి ఆ రక్షణ లేదు. తమ ఊళ్లను కూడ చేర్చమని అట్టివారు విన్నవించుకొంటూనే ఉన్నారు. ఒక మాట కాగితంమీద ఉన్నందువలన ఒక కుటుంబం తన చేనులో నిలబడగలిగింది. లేనందువలన మరొక కుటుంబం కూలికి పోయింది.

మాటలు తిరిగి సొంతవారి చేతికి వచ్చిన సందర్భాలూ ఉన్నవి. 2016లో తెలంగాణలో ఒక కొత్త జిల్లాకు, 1940లో జోడేఘాట్‌లో నిజాం పోలీసులతో పోరాడి ప్రాణమర్పించిన కుమురం భీం పేరు పెట్టారు. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా, పార్వతీపురం కేంద్రంగా పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడినవి. ఒకప్పుడు జ్వరానికీ, బదిలీ భయానికీ మారుపేరైన మన్యం అనే మాట ఒక జిల్లా కచేరీ బోర్డుమీదికి ఎక్కింది. ‘మన్యం వీరుడు’ అన్నప్పుడు ఆ మాటలో నేడు ఎవరికీ చిన్నతనం వినిపించదు.

కాని పేరు మారినంతమాత్రాన దారి పడదు. వాన కురిసిన రోజున గర్భిణిని డోలీలో కట్టి, నలుగురు భుజాలమీద వాగు దాటించి ఆసుపత్రికి తెచ్చారన్న వార్త మన్యంనుండి నేటికీ వింటూనే ఉన్నాము. ఆ వార్త చెప్పేటప్పుడు మనం వాడే మాట ‘మారుమూల గిరిజన గ్రామం’. ఆ మాట వినగానే మన మనసు కొంత తేలికపడుతుంది. మారుమూల కదా, ఆలస్యం కాక తప్పదు అనుకొంటాము. దోషం కొండమీదికి పోతుంది. రోడ్డు వేయవలసినవారు, వైద్యుని పంపవలసినవారు తప్పుకొంటారు. మాట చేసే హాని ఇక్కడ ఉన్నది. మూల అన్నది ఇంటిలోనిదే కదా! ఇంటిలో ఒక మూలకు దీపం వెలుగు చేరకపోతే తప్పు మూలది కాదు, దీపం పెట్టిన చోటుది.

తెలుగులో దూరాన్ని చెప్పడానికి మరొక చక్కని మాట ఉన్నది. ‘కూతవేటు’. ఒకరు పిలిస్తే మరొకరికి వినిపించేటంత మేర. ఇది మైలురాళ్ల లెక్క కాదు, పిలిచే గొంతూ వినే చెవీ కలిస్తే ఏర్పడే కొలత. కొండలలో ఈ గూడెంనుండి ఆ గూడేనికి లోయమీదుగా పిలుచుకొనేవారికి దీని విలువ తెలుసు. ఏ ప్రాంతమైనా మనకు దూరమా దగ్గరా అని నిర్ణయించుకొనేటప్పుడు ఈ కొలతనే వాడుకొందాము. అక్కడివారి పిలుపు మనకు వినిపించినంతకాలం ఆ ఊరు కూతవేటులోనే ఉన్నది. వినిపించడం మానినప్పుడే అది మారుమూల.